సైక్స్-పికో గీతలే నేటి పశ్చిమాసియా సరిహద్దులా? మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పటాలు మారిన తీరు మీద చర్చ

#1 కృష్ణాతీరం
అందరికీ నమస్కారం. గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నాను. ఏ క్లాసు విన్నా ఒకటే మాట చెప్తున్నారు. 1916లో సైక్స్ అనే ఇంగ్లీషాయన, పికో అనే ఫ్రెంచాయన కూర్చుని పటం మీద స్కేలు పెట్టి గీతలు గీశారని, ఇవాళ్టి ఇరాక్, సిరియా, జోర్డాన్, లెబనాన్ అన్నీ అలా పుట్టినవేనని. నాకు ఎక్కడో తేడా కొట్టి ఆ 1916 పటం వెతికి ఇవాళ్టి పటం పక్కన పెట్టుకున్నాను. రెండూ కలవట్లేదు. మోసుల్ ఫ్రెంచివాళ్ళ వాటాలో ఉంది, ఇప్పుడు ఇరాక్‌లో ఉంది. టర్కీ ఆగ్నేయంలో పెద్ద ముక్క ఫ్రెంచివాళ్ళదని రంగు వేసి ఉంది, ఇప్పుడది టర్కీలోనే ఉంది. పాలస్తీనాకి అంతర్జాతీయ పాలన అని రాసి ఉంది, అది ఎప్పుడూ రాలేదు. మరి అసలు గీతలు ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, పరీక్ష కోసమే కాదు, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

#2 పాతపటాలు
మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళకే ఈ అనుమానం వస్తుంది.

సైక్స్-పికో యుద్ధం మధ్యలో జరిగిన రహస్య ఒప్పందం. అప్పటికి ఆ భూమిలో ఎక్కువ భాగం ఇంకా ఒట్టోమన్ తుర్కుల చేతిలోనే ఉంది. చేతిలో లేని ఆస్తికి ముందే వాటాలు వేసుకున్నారన్నమాట. 1917 చివర రష్యాలో బోల్షివిక్‌లు అధికారంలోకి వచ్చి, జారు కార్యాలయంలో దొరికిన ఈ కాగితాలు బయటపెట్టేశారు. దాంతో అరబ్బులకి బ్రిటన్ ఇచ్చిన మాట ఒకటి, ఫ్రాన్స్‌తో చేసుకున్న ఒప్పందం ఇంకొకటి అని లోకానికంతా తెలిసిపోయింది. మక్కా షరీఫ్ హుస్సేన్‌కి ఈజిప్టులోని బ్రిటిష్ హైకమిషనర్ మెక్‌మహన్ 1915-16లో రాసిన ఉత్తరాల్లో స్వతంత్ర అరబ్ రాజ్యానికి మద్దతు ఇస్తామన్నాడు. 1917 నవంబరు 2న బాల్ఫోర్ ప్రకటనలో పాలస్తీనాలో యూదులకి నివాస భూమి అన్నారు. ఒకే నేల మీద మూడు మాటలు ఇచ్చారు.

కానీ సరిహద్దుల సంగతి వేరు. అవి చాలావరకు 1918 నుంచి 1926 దాకా ఒక్కొక్కటిగా తేలాయి. మోసుల్ సంగతే తీసుకో. 1918 అక్టోబరు 30న ముద్రోస్‌లో యుద్ధ విరమణ సంతకాలు అయ్యాయి. ఆ తర్వాత కూడా బ్రిటిష్ సైన్యం ఆగకుండా ముందుకి నడిచి మోసుల్ పట్టుకుంది. డిసెంబరులో ఫ్రెంచి ప్రధాని క్లెమెన్సో లండన్ వచ్చినప్పుడు బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్ మోసుల్ కావాలి, పాలస్తీనా కావాలి అన్నాడు, ఆయన సరేనన్నాడు. ఆ మాటకి అప్పట్లో రాతపూర్వక ఒప్పందం కూడా లేదు. బదులుగా 1920 ఏప్రిల్‌లో ఇటలీలోని సాన్ రెమోలో జరిగిన సమావేశంలో ఫ్రాన్స్‌కి అక్కడి చమురు కంపెనీలో, అంతకుముందు జర్మన్ బ్యాంకుకి ఉన్న పావు వాటా దక్కింది. సైక్స్-పికో పటం అక్కడే సగం చిరిగిపోయింది.

#3 సూటిగా
పాతపటాలు గారూ, మీరు చెప్పిన వివరాలు సరే, కానీ దీంతో తేడా ఏమొచ్చింది? 1916లో ఇద్దరు గీశారా, 1920లో నలుగురు గీశారా అన్నది అక్కడ బతికే జనానికి ఎందుకు? వాళ్ళనైతే ఎవరూ అడగలేదు కదా. సైక్స్-పికో అన్నది ఒక గుర్తు. జనం ఆ పేరు చెప్పి తిడుతున్నది ఆ పద్ధతిని. అందులో తప్పేముంది?

#4 చరిత్ర_టీచరమ్మ
సూటిగా గారూ, జనాన్ని అడగలేదన్న మాటతో నాకు పేచీ లేదు. నిజానికి 1919లో ఒకసారి అడిగారు కూడా. అమెరికా అధ్యక్షుడు విల్సన్ పంపిన కింగ్-క్రేన్ కమిషన్ సిరియా, పాలస్తీనా ఊళ్ళు తిరిగి అర్జీలు తీసుకుంది. ఎక్కువమంది స్వతంత్ర సిరియా కావాలన్నారు, తప్పనిసరిగా ఎవరి పర్యవేక్షణైనా ఉండాలంటే అమెరికాది ఉండనీ, ఫ్రాన్స్ మాత్రం వద్దన్నారు. ఆ నివేదికని పక్కన పడేశారు, 1922 దాకా అచ్చు కూడా వేయలేదు. అడిగి, జవాబు విని, దాచిపెట్టడం అడగకపోవడం కంటే పెద్ద అన్యాయం అని నా అభిప్రాయం.

కానీ "ఇద్దరు గీశారు, అయిపోయింది" అని చెప్తే ఆ నేల మీద ప్రాణాలిచ్చినవాళ్ళు కథలోంచి మాయమైపోతారు, నా బాధ అది. 1920 మార్చి 8న డమాస్కస్‌లో సిరియన్ కాంగ్రెస్ షరీఫ్ హుస్సేన్ కొడుకు ఫైసల్‌ని రాజుగా ప్రకటించింది. జులై 24న మైసలూన్ దగ్గర ఫ్రెంచి సైన్యం ట్యాంకులతో, విమానాలతో వచ్చింది. ఓడిపోతామని తెలిసే సిరియా యుద్ధమంత్రి యూసఫ్ అల్-అజ్మా కొద్దిపాటి సైన్యంతో ఎదురెళ్ళి అక్కడే చనిపోయాడు. సిరియా ఫ్రాన్స్ కిందకి పోయిందంటే కాగితం మీద గీత వల్ల కాదు, ఆ రోజు యుద్ధం వల్ల. అదే టర్కీ సంగతి చూడండి. అక్కడ పెద్ద దేశాలు గీసిన గీతని తుపాకీతో చెరిపేశారు.

1920 ఆగస్టు 10న పారిస్ పక్కన సెవ్ర్‌లో, పింగాణీ ఫ్యాక్టరీ హాల్లో ఒట్టోమన్ సుల్తాను ప్రతినిధులతో సంతకాలు పెట్టించారు. ఇజ్మీర్ చుట్టుపక్కల ప్రాంతం గ్రీసు పాలనకి, తూర్పున ఆర్మీనియాకి, కుర్దులకి స్వయంపాలన హామీ, ఇస్తాంబుల్ జలసంధుల మీద అంతర్జాతీయ అదుపు, ఇటలీకి, ఫ్రాన్స్‌కి ప్రత్యేక ప్రాంతాలు. తుర్కులకి మిగిలింది అనటోలియా నడిబొడ్డు, ఉత్తరాన కొంచెం. అంకారాలో కూర్చున్న ముస్తఫా కెమాల్ ప్రభుత్వం ఆ కాగితాన్ని ఒప్పుకోలేదు. 1921 ఆగస్టు-సెప్టెంబరులో సకార్యా నది దగ్గర గ్రీకు సైన్యాన్ని ఆపారు, మరుసటి ఏడు సెప్టెంబరుకల్లా ఇజ్మీర్ సముద్రపు ఒడ్డు దాకా తరిమారు. 1923 జులై 24న స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో కొత్త ఒప్పందం. ఓడిపోయిన దేశాల్లో బేరం ఆడి ఒప్పందాన్ని తిరగరాయించుకున్నది టర్కీ ఒక్కటే. జర్మనీ, ఆస్ట్రియా, హంగేరీ, బల్గేరియాలకి ఆ అవకాశం రాలేదు.

#5 కృష్ణాతీరం
టీచరమ్మ గారూ, మైసలూన్ తేదీ, లొజాన్ తేదీ రెండూ జులై 24 అని ఇప్పుడే గమనించాను. ఫైసల్ మరి ఇరాక్‌కి రాజు ఎలా అయ్యాడు? సిరియాలో ఓడిపోయాడు కదా?

#6 కడప_కువైట్
గీతల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నా కళ్ళ ముందున్నది చెప్తా. నేను కువైట్‌లో దక్షిణం వైపు వఫ్రా దగ్గర పనిచేస్తా. మావాళ్ళు చాలామంది ఇక్కడి తోటల్లో ఉన్నారు. ఈ ప్రాంతం చాలాకాలం కువైట్‌దీ కాదు, సౌదీదీ కాదు, ఇద్దరిదీ. పాతవాళ్ళు ఇప్పటికీ న్యూట్రల్ జోన్ అంటారు. ఇది కూడా ఆ యుద్ధం తర్వాతి కథే.

1922 చివర ఉకైర్ అనే రేవులో డేరాలు వేసి సమావేశం పెట్టారు. బాగ్దాద్ నుంచి బ్రిటిష్ హైకమిషనర్ పెర్సీ కాక్స్ వచ్చాడు, నజ్ద్ (నేటి సౌదీ నడిభాగం) నుంచి దాని పాలకుడు ఇబ్న్ సౌద్ వచ్చాడు. కువైట్ షేక్ రాలేదు, ఆయన తరఫున మాట్లాడాల్సింది అక్కడి బ్రిటిష్ ఏజెంటే. రోజులు గడిచినా తేలకపోయేసరికి కాక్స్ ఎర్ర పెన్సిల్ తీసుకుని తనే గీత గీసేశాడని అక్కడున్న ఇంకో బ్రిటిష్ అధికారి తర్వాత రాశాడు. ఇబ్న్ సౌద్ అడుగుతున్న జాగాలో ఇరాక్‌కి ఎక్కువ ఇచ్చి, ఆయన్ని చల్లబరచడానికి కువైట్ తనదనుకునే నేలలో మూడింట రెండొంతుల దాకా నజ్ద్‌కి కట్టబెట్టారు. మిగిలిన తగువు తీరక రెండు తటస్థ ప్రాంతాలు పెట్టారు. ఒకటి ఇక్కడ, రెండోది ఇరాక్ వైపు. బెదూయిన్లు గొర్రెలూ ఒంటెలూ తోలుకుని బావులకి వస్తారు, వాళ్ళకి గీత అర్థం కాదు, అందుకని ఇద్దరూ వాడుకోండి అన్నారు. తర్వాత కింద చమురు పడింది. 1965లో పంచుకునే ఒప్పందం చేసుకున్నారు, చమురు మాత్రం ఇప్పటికీ ఉమ్మడే.

సూటిగా అన్నా, నీ మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఒక్క పెన్సిల్‌తో గీసిన గీతే. కాకపోతే గీసింది సైక్స్ కాదు, ఆయన 1919లోనే పారిస్‌లో ఫ్లూ వచ్చి చనిపోయాడు.

#7 చరిత్ర_టీచరమ్మ
కృష్ణాతీరం, ఫైసల్ సంగతి అడిగావు. దానికి ముందు ఇరాక్‌లో మనవాళ్ళ సంగతి చెప్పాలి, ఎందుకంటే మన పాఠాల్లో ఇది రెండు వాక్యాలకి మించి ఉండదు.

మెసపొటేమియా (నేటి ఇరాక్) యుద్ధాన్ని నడిపింది ప్రధానంగా భారత సైన్యం. 1914 నవంబరులో బస్రా పట్టుకున్నది పూనా డివిజన్. అదే డివిజన్ 1916 ఏప్రిల్ 29న కూత్‌లో తిండి లేక లొంగిపోయింది. బందీలుగా వెళ్ళినవాళ్ళలో వేలమంది ఎడారి దారుల్లో, క్యాంపుల్లో చనిపోయారు. మొత్తం ఆ రంగంలో పనిచేసిన భారతీయులు, సిపాయిలూ కూలీలూ కలిపి, ఐదు లక్షల పైమాటే. యుద్ధం అయ్యాక ఇరాక్‌ని మాండేట్ కింద, అంటే నానాజాతి సమితి పేరుతో పాలించే హక్కుగా, బ్రిటన్‌కి ఇచ్చారని తెలిసి 1920 వేసవిలో అక్కడి జనం తిరగబడ్డారు. షియాలు, సున్నీలు, యూఫ్రటీస్ ఒడ్డు తెగలు అందరూ కలిశారు. దాన్ని అణచడానికి పంపింది మళ్ళీ ఎక్కువగా భారత సిపాయిలనే. అదే ఏడు ఇక్కడ మనం సహాయ నిరాకరణ మొదలుపెట్టాం. ఒక బానిస దేశపు సైన్యంతో ఇంకో దేశాన్ని బానిస చేయడం, ఇది చదివినప్పుడల్లా నాకు మనసు అదోలా అయిపోతుంది.

ఇరాక్‌లో భారత రూపాయి 1932 దాకా చెల్లింది. ఆ తర్వాతే దినార్ వచ్చింది. బ్రిటిష్ అధికారుల్లో కొందరు ఆ నేలని బొంబాయి నుంచే పాలించాలని, పంజాబు రైతుల్ని తీసుకెళ్ళి అక్కడ స్థిరపరచాలని కూడా అనుకున్నారు.

తిరుగుబాటుకి అయిన ఖర్చు చూసి లండన్ భయపడింది. 1921 మార్చిలో కైరోలో అప్పటి బ్రిటిష్ వలసల మంత్రి చర్చిల్ సమావేశం పెట్టాడు, అరబ్ వ్యవహారాలు బాగా తెలిసిన బ్రిటిష్ అధికారులు గెర్‌ట్రూడ్ బెల్, లారెన్స్ ఉన్నారు. నేరుగా పాలించడం ఖరీదు, ఒక అరబ్ రాజుని పెట్టి వెనకనుంచి నడిపిద్దాం అనుకున్నారు. ఫ్రాన్స్ తరిమేసిన ఫైసల్ ఖాళీగా ఉన్నాడు. 1921 ఆగస్టు 23న బాగ్దాద్‌లో పట్టాభిషేకం చేశారు. ఆయన అన్న అబ్దుల్లాని జోర్డాన్ నదికి తూర్పున కూర్చోబెట్టారు, నేటి జోర్డాన్ రాజవంశం అదే.

#8 డాన్యూబ్_ఒడ్డున
పశ్చిమాసియా గురించే మాట్లాడుతున్నారు, కొంచెం ఐరోపా కూడా చూడండి. నేను బుడాపెస్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ కార్ల వెనక ఒక పాత పటం స్టిక్కర్ కనిపిస్తూ ఉంటుంది. మొదట్లో నాకు అర్థం కాలేదు, అది ఇవాళ్టి హంగేరీలా లేదు, మూడింతలు పెద్దది. అది 1920కి ముందు హంగేరీ.

1920 జూన్ 4న వెర్సాయ్‌లోని ట్రియనాన్ భవనంలో సంతకం పెట్టించారు. పాత రాజ్యంలో మూడింట రెండొంతుల భూమి పోయింది. ట్రాన్సిల్వేనియా రుమేనియాకి, ఉత్తరం చెకోస్లొవేకియాకి, దక్షిణం యుగోస్లావియాకి, చివరికి తమతోపాటు ఓడిపోయిన ఆస్ట్రియాకి కూడా ఒక పట్టీ పోయింది. ముప్పై లక్షలకి పైగా హంగేరియన్లు రాత్రికి రాత్రి పరాయి దేశపు పౌరులయ్యారు. ఇక్కడివాళ్ళు ఆ మాట ఎత్తితే ఇప్పటికీ గొంతు మారిపోతుంది, 2010 నుంచి జూన్ 4ని జాతీయ ఐక్యతా దినంగా చేస్తున్నారు.

నన్ను బాగా కదిలించింది రైలు పట్టాల సంగతి. సరిహద్దు కమిటీలో కూర్చున్నవాళ్ళు ఏ ఊళ్ళో ఏ భాష మాట్లాడతారో లెక్క చూశారు, నిజమే, కానీ రైలు మార్గం అడ్డం వచ్చిన చోట భాష లెక్క పక్కకిపోయింది. అరాద్, ఒరాదియా, సతు మారె పట్టణాల్లో అప్పటికి హంగేరియన్లే ఎక్కువ. అయినా ఆ మూడింటినీ కలిపే రైలు లైను రుమేనియాకి కావాలని మొత్తం పట్టీ అటు ఇచ్చేశారు. కోమారోమ్ అనే ఊరు డాన్యూబ్‌కి రెండు వైపులా ఉంటుంది. నదిని సరిహద్దు చేసేసరికి ఉత్తరం సగం వేరే దేశమైంది. ఇప్పుడు రెండూ ఈయూలో ఉన్నాయి కాబట్టి వంతెన మీద నడిచి వెళ్ళి కాఫీ తాగి రావచ్చు. నాకు ఆ వంతెన మీద నడుస్తున్నప్పుడు సంతోషం, దిగులు రెండూ కలుగుతాయి.

#9 పాతపటాలు
రైలు సంగతి బాగా చెప్పారు! టర్కీ-సిరియా సరిహద్దు చూడండి. 1921 అక్టోబరు 20న ఫ్రాన్స్ అంకారా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని దక్షిణ టర్కీలోని సిలీసియా నుంచి వెనక్కి పోయింది. ఆ కాగితంలో బెర్లిన్-బాగ్దాద్ రైలు మార్గమే సరిహద్దు. చోబన్‌బే నుంచి నుసయ్‌బిన్ దాకా వందల కిలోమీటర్లు పట్టాలకి అటు సిరియా, ఇటు టర్కీ. పట్టాలు మాత్రం టర్కీవి. నుసయ్‌బిన్ ఎదురుగా 1926లో ఫ్రెంచివాళ్ళు ఖామిష్లీ అనే కొత్త పట్టణం కట్టారు. చుట్టాలు అటూ ఇటూ పడ్డారు, పండక్కి కంచె దగ్గరకొచ్చి పలకరించుకునే కుటుంబాలు అలా తయారయ్యాయి.

పోలండ్, చెకోస్లొవేకియా మధ్య తెషెన్ పట్టణాన్ని కూడా 1920 జులైలో ఒల్జా నది వెంట చీల్చారు. పాత ఊరు పోలండ్‌కి, రైల్వే స్టేషను చెకోస్లొవేకియాకి. స్లొవేకియాకి వెళ్ళే రైలు ఆ స్టేషను గుండానే పోవాలి మరి.

#10 సూటిగా
హంగేరీ మీద సానుభూతి సరే అండి, కానీ ఒకవైపే చూడకండి. ఆ పాత రాజ్యంలో హంగేరియన్లు సుమారు సగమే. మిగతా సగం స్లొవాక్‌లు, రుమేనియన్లు, సెర్బులు, క్రొయేట్లు, జర్మన్లు, రూథేనియన్లు. 1907 చట్టంతో స్లొవాక్, రుమేనియన్ పిల్లల బడుల్లో కూడా హంగేరియన్ బలవంతంగా రుద్దారు. ఓటు నూటికి ఆరేడుగురికి ఉండేది, అదీ ఎక్కువగా హంగేరియన్లకే. ట్రాన్సిల్వేనియాలో ఎక్కువమంది రుమేనియన్లు. 1918 డిసెంబరు 1న ఆల్బా యూలియాలో వాళ్ళు సభ పెట్టుకుని రుమేనియాలో కలుస్తామని తీర్మానించారు. అది ఎవరో గీసిన గీత కాదు, వాళ్ళు కోరుకున్నదే. సామ్రాజ్యం కూలిందని ఏడ్చేవాళ్ళ గొంతు వినపడుతుంది, సామ్రాజ్యం కింద నలిగినవాళ్ళ గొంతు వినపడదు.

#11 డాన్యూబ్_ఒడ్డున
@సూటిగా, రుమేనియన్లు కలవాలనుకోవడం న్యాయమే. నేనడిగేది సరిహద్దు పక్కనే, గుంపుగా ఉన్న హంగేరియన్ ఊళ్ళ గురించి. వాళ్ళని ఒక్కమాట అడిగి ఉంటే చాలా గొడవ తప్పేది. షొప్రోన్‌లో అడిగారు. 1921 డిసెంబరులో ఓటింగ్ పెడితే 65 శాతం హంగేరీ వైపు వేశారు, ఆస్ట్రియాకి ఇవ్వాల్సిన పట్టణం హంగేరీలో ఉండిపోయింది. ఓటింగు తీరు మీద ఆస్ట్రియా అప్పట్లోనే అభ్యంతరం చెప్పింది, అయినా ఆ గీత నిలబడింది. మిగతా చోట్ల ఎందుకు పెట్టలేదు?

#12 చరిత్ర_టీచరమ్మ
ఎందుకంటే గెలిచినవాళ్ళకి ఓడిపోయే అవకాశమున్న చోట ఓటింగు ఇష్టం ఉండదు. జర్మనీ, డెన్మార్క్ మధ్య ష్లెస్విగ్‌లో పెట్టారు. దాన్ని నేను ఎప్పుడూ ఉదాహరణగా చెప్తాను. 1920 ఫిబ్రవరిలో ఉత్తర భాగం ఓటేసింది, నాలుగింట మూడొంతులు డెన్మార్క్‌కి. మార్చిలో దాని కింది భాగం ఓటేసింది, ఐదింట నాలుగొంతులు జర్మనీకి. గీత ఆ రెండింటి మధ్య పడింది. హిట్లర్ డెన్మార్క్‌ని ఆక్రమించినప్పుడు కూడా ఆ సరిహద్దుని జరపలేదు, ఇవాళ్టికీ అదే. అటువైపు మిగిలిన జర్మన్లకి, ఇటువైపు మిగిలిన డేన్‌లకి సొంత బడులున్నాయి.

సరిహద్దు ఊళ్ళలో భాష లెక్క పెట్టడం ఎంత తలనొప్పో మనకి తెలియనిది కాదు. 1953లో బళ్ళారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకి వచ్చి మిగతావి మైసూరుకి పోయినప్పుడు బళ్ళారి పట్టణం కోసం ఎంత గొడవైందో మా నాన్నగారు చెప్పేవారు. అది ఒకే దేశంలో, పాస్‌పోర్టు అక్కర్లేని చోట. అక్కడ పాస్‌పోర్టు, సైన్యం, కొత్త కరెన్సీ, కొత్త బడి భాష అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి.

#13 పురానాపూల్
హైదరాబాద్ నుంచి. ఒట్టోమన్‌ల గురించి ఇంత మాట్లాడి మా నగరం మాట ఎత్తకపోతే ఎలా అండి.

1922 నవంబరులో అంకారా సభ సుల్తాను పదవి రద్దు చేసింది. ఖలీఫాగా మాత్రం అబ్దుల్‌మజీద్‌ని ఉంచింది. 1924 మార్చి 3న అది కూడా రద్దు. ఆయన్ని కుటుంబంతో సహా రైలెక్కించి దేశం దాటించారు, స్విట్జర్లాండ్ మీదుగా ఫ్రాన్స్‌లో నీస్ చేరాడు. చేతిలో డబ్బుల్లేవు. అప్పుడు నెలనెలా భరణం పంపింది నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1931 నవంబరులో నీస్‌లోనే రెండు పెళ్ళిళ్ళు జరిగాయి. ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్ నిజాం పెద్దకొడుకు ఆజం జాహ్‌ని, వాళ్ళ బంధువుల అమ్మాయి నీలోఫర్ చిన్నకొడుకు మొఅజ్జం జాహ్‌ని చేసుకున్నారు. రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రికి పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తని తల్లిదండ్రులు ఈ ఊళ్ళో తక్కువ. ఆ పేరు ఈ నీలోఫర్‌దే. పురానీ హవేలీ దగ్గర దుర్రు షెహ్వార్ పేరుతో ఇంకో పిల్లల ఆసుపత్రి ఉంది. ఒక సామ్రాజ్యం కూలి, ఆ ఇంటి ఆడపిల్లలు మన ఊరికి కోడళ్ళుగా వచ్చారు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఆ ఒట్టోమన్‌ల మీద యుద్ధానికి వెళ్ళినవాళ్ళలో నిజాం సైన్యం కూడా ఉంది. హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ లాన్సర్లు ఒకే బ్రిగేడ్‌లో పాలస్తీనాలో పోరాడారు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టుకున్నది ఆ బ్రిగేడే. ఢిల్లీలో తీన్ మూర్తి అంటాం కదా, ఆ మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులవే.

#14 కృష్ణాతీరం
పురానాపూల్ అన్నా, తీన్ మూర్తి సంగతి నాకు అస్సలు తెలియదు, థాంక్స్. ఖిలాఫత్ ఉద్యమానికి, ఈ ఒప్పందాలకి ఉన్న లింకు మీద ఎవరైనా చెప్తారా? అది సిలబస్‌లో ఉంది.

#15 పాతపటాలు
క్లుప్తంగా చెప్తాను. ఖలీఫా రాజ్యాన్ని ముక్కలు చేయొద్దు, మక్కా, మదీనా, జెరూసలేం ఆయన దగ్గరే ఉండాలి, ఇదీ డిమాండు. 1920లో మహమ్మద్ అలీ బృందం లండన్ వెళ్ళి లాయిడ్ జార్జ్‌ని కలిసింది, ఫలితం లేదు. సెవ్ర్ షరతులు బయటికి రాగానే గాంధీగారు ఖిలాఫత్‌ని, పంజాబ్ దురంతాల్ని కలిపి సహాయ నిరాకరణ పిలుపిచ్చారు. 1921 మార్చి చివర మన బెజవాడలో ఏఐసీసీ జరిగిందే, కోటి రూపాయల తిలక్ నిధి తీర్మానం, అది ఈ ఉద్యమంలో భాగమే.

దీని ఒత్తిడి లండన్ దాకా పోయింది. 1922 మార్చిలో సెవ్ర్ ఒప్పందాన్ని టర్కీకి అనుకూలంగా మార్చమని ఢిల్లీ ప్రభుత్వం పంపిన టెలిగ్రాంని బ్రిటిష్ కేబినెట్‌లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు కేబినెట్‌కి చెప్పకుండా పత్రికలకి విడుదల చేయించి పదవి పోగొట్టుకున్నాడు. కానీ తమ్ముడూ, ఒకటి గుర్తుపెట్టుకో. లొజాన్ సాధించింది అంకారా సైన్యం, మన ఉద్యమం కాదు. చివరికి ఖలీఫా పదవి తీసేసింది కూడా ఆ అంకారానే, ఇక్కడ జైళ్ళకెళ్ళిన ఖిలాఫత్ నాయకులకి అది పిడుగులాంటి వార్త.

#16 చరిత్ర_టీచరమ్మ
లొజాన్‌ని గెలుపుగా చెప్పుకుంటూ పోతున్నాం, దాంట్లో ఇంకో కాగితం ఉంది. 1923 జనవరి 30న గ్రీసు, టర్కీ జనాభా మార్పిడి ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. టర్కీలోని ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకి, గ్రీసులోని ముస్లింలు టర్కీకి. ఇష్టం ఉన్నా లేకున్నా పోవాల్సిందే. అటు పన్నెండు లక్షల దాకా, ఇటు నాలుగు లక్షల దాకా. అటు పోయినవాళ్ళలో చాలామంది 1922లో ఇజ్మీర్ తగలబడినప్పుడే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయారు, ఒప్పందం వాళ్ళకి తిరిగొచ్చే దారి మూసేసింది.

కొలమానం మతం ఒక్కటే. టర్కీ నడిభాగంలోని కప్పడోకియాలో తరతరాలుగా టర్కిష్ తప్ప ఇంకో భాష రాని క్రైస్తవులున్నారు. వాళ్ళు మాట అర్థం కాని గ్రీసుకి పోయారు. క్రీట్ దీవిలో గ్రీకు మాట్లాడే ముస్లింలు టర్కీకి వచ్చి కొత్త ఊళ్ళో దిక్కులు చూశారు. ఇస్తాంబుల్ గ్రీకులకి, పశ్చిమ థ్రేస్ ముస్లింలకి మాత్రం మినహాయింపు. బ్రిటన్ తరఫున లొజాన్‌లో కూర్చున్నది ఎవరనుకున్నారు, 1905లో బెంగాల్‌ని చీల్చిన కర్జన్. జనాన్ని ఇలా మార్చడం చెడ్డ పరిష్కారమని ఆయన కూడా అన్నాడు, అయినా ఒప్పందం ఆగలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా ఐరోపాలో జనాన్ని తరలించాలనుకున్న ప్రతివాళ్ళూ లొజాన్‌ని చూపించి "అక్కడ పనిచేసింది కదా" అన్నారు. పనిచేసిందని ఎవరు చెప్పారు? ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళైతే కాదు.

#17 కడప_కువైట్
టీచరమ్మా, నా పక్క రూములో సిరియా కుర్దు ఒకాయన ఉంటాడు, ఖామిష్లీ వైపు మనిషే. వాళ్ళ గురించి ఒక్కరూ రాయలేదు. సెవ్ర్‌లో హామీ ఇచ్చి లొజాన్‌లో ఏం చేశారు?

#18 పాతపటాలు
సెవ్ర్‌లో 62 నుంచి 64 దాకా అధికరణాలు కుర్దులవి. ముందు స్వయంపాలన, ఏడాది తర్వాత అక్కడి జనం కోరితే నానాజాతి సమితి ద్వారా స్వాతంత్ర్యం. మోసుల్ ప్రాంతపు కుర్దులు కూడా కావాలంటే అందులో కలవొచ్చని ఉంది. లొజాన్‌లో కుర్దుల పేరే లేదు. ఆర్మీనియా పేరూ లేదు. 1915లో లక్షలమందిని ఊచకోత కోసిన తర్వాత, మిగిలినవాళ్ళకి ఒక దేశం ఇస్తామని విల్సన్ చేత సరిహద్దు కూడా గీయించారు. ఆయన గీత పూర్తయిన 1920 నవంబరుకల్లా అంకారా సైన్యం కార్స్ పట్టుకుంది, తూర్పు నుంచి ఎర్రసైన్యం వచ్చింది. 1921 అక్టోబరులో కార్స్ ఒప్పందంతో టర్కీ, సోవియట్ వైపు మధ్య గీత ఖాయమైంది. ఆ విల్సన్ గీత కాపాడడానికి ఒక్క దేశమూ ఒక్క సిపాయిని పంపలేదు. సూటిగా గారూ, నేను మొదటినుంచీ చెప్తున్నది ఇదే, కాగితం మీద గీత చాలా ఉంది, నిలబెట్టే సైన్యం ఉన్నచోటే అది సరిహద్దైంది.

#19 సూటిగా
ఇది ఒప్పుకుంటాను. కానీ అప్పుడు నేరం ఇంకా పెద్దదవుతుంది కదా. హామీ ఇచ్చి, ఆ హామీ నమ్ముకున్నవాళ్ళని నడివీధిలో వదిలేశారు.

#20 పాతపటాలు
అవును, దాంట్లో మీతో నాకు భేదాభిప్రాయం లేదు.

#21 కృష్ణాతీరం
చివరిగా ఒక్కటి. మోసుల్ లొజాన్‌లో తేలలేదని చదివాను. మరి ఎప్పుడు తేలింది? హతాయ్ అనే జిల్లా పటంలో టర్కీ తోకలా కిందికి వేలాడుతోంది, అదెలా వచ్చింది?

#22 చరిత్ర_టీచరమ్మ
మోసుల్‌ని లొజాన్‌లో పక్కన పెట్టి నానాజాతి సమితికి పంపారు. వాళ్ళ కమిషన్ 1925లో వెళ్ళి చూసొచ్చింది, ఇరాక్‌కే ఇవ్వమంది. 1926 జూన్‌లో టర్కీ ఒప్పుకుంది, బదులుగా ఇరాక్‌కి వచ్చే చమురు రాయల్టీలో 10 శాతం 25 ఏళ్ళు. హతాయ్ అంటే పాత అలెగ్జాండ్రెట్టా, ఫ్రెంచి సిరియాలో ఉండేది. 1938లో కొన్నాళ్ళు విడి రిపబ్లిక్ అన్నారు, 1939లో రెండో యుద్ధం ముంచుకొస్తుంటే టర్కీ తమ వైపు ఉండాలని ఫ్రాన్స్ దాన్ని ఇచ్చేసింది. సిరియా పటాల్లో చాలాకాలం దాన్ని తమదిగానే వేసుకున్నారు. మెయిన్స్‌లో పటం గీయమంటే మాత్రం టర్కీలోనే చూపించు, పక్కన 1939 అని రాయి.